మా మందకు రోగం బొలెరోలో వచ్చింది

పోయినేడు బోనాలకు ఓ మూడు వారాల ముందు నేనూ మా బావా అంగడికి పోయి 14 గొర్రెలు కొనుక్కొచ్చినం. తలకు 9,800. ఒకటి రెండు బక్కగ ఉన్నయ్ గానీ మేపితే తేరుకుంటయిలే అనుకున్నం, బేరం మనదిక్కే తెగిందన్న ఖుషీల దారిలో బండి ఆపి చాయ్ గూడ తాగినం. 25 రోజులు తిరగంగనే పాతవీ కొత్తవీ కలిపి 72 జీవాల్లో 31 పోయినయ్. సూడివి నాలుగు ఈసుకపోయినయ్, కడుపుల పిల్లలు పోయినయ్. ముక్కుల నుంచి చీమిడి, కండ్ల పుసులు, నోట్లె పుండ్లు, పారుడు, ఆ వాసన... దొడ్డి దగ్గరికి పోతే వచ్చిన వాసన ఉప్పల్ల మా ఇంటికొచ్చి స్నానం చేసినంక కూడ ముక్కుల్నే ఉండేది. డాక్టర్ వచ్చి చూసి పీపీఆర్ అన్నడు, గొర్రెలకు మేకలకు అంటుకునే వైరస్ రోగం అది. మా దిక్కు పారుడు రోగం అంటరు, ముసర అని కూడ అంటరు.

నేను వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు కూసునేటోన్ని, శని ఆదివారాలు యాచారం దిక్కు ఉన్న మా షెడ్డుకు పోత. బావ అక్కడే ఉంటడు. మాది గొర్రెలు కాసిన ఇల్లే, మా తాతకు మంద ఉండె, గానీ నాన్న కాలానికే అమ్మేసినం కాబట్టి నాకు తెలిసింది యూట్యూబ్ల చూసిందీ, బావ చెప్పిందీ, ఇగో ఈ దెబ్బ తిన్నంక నేర్చుకున్నదీ, అంతే. నేను డాక్టర్ని కాదు. ఇది వైద్యం గురించి రాస్తున్నది కూడ కాదు. మందకు రోగం ఎట్ల వస్తది, ఎవరు తెస్తరు అన్న ఒక్క సంగతి గురించి, దాంట్ల మనం ఎవర్ని తిడతమో ఎవర్ని తిట్టమో దాని గురించి.

ఎందుకంటే ఆ 31 పోయినప్పుడు చుట్టుపక్కల ప్రతొక్కడూ ఒక కారణం చెప్పిండు. గాలి మారింది అన్నరు. దిష్టి తగిలింది, షెడ్డుకు గుమ్మడికాయ కట్టలేదు అన్నరు. పక్కన కోళ్ళఫారం ఉంది దాన్నుంచే అన్నరు, పీపీఆర్‌కూ కోళ్ళకూ ఏ సంబంధం లేదు. ఇగ అందరూ కలిసి ఒప్పుకున్న మాట ఏందంటే, ఆ వలస మందలోళ్ళే తెచ్చిండ్రు. పాలమూరు దిక్కు నుంచి ప్రతి ఏడూ మందలు తోలుకొని వస్తరు కదా, గడ్డి ఎక్కడుంటే అక్కడికి, రైతుల పొలాల్లో రాత్రిపూట మంద పెట్టి ఎరువుకు పైసలో వడ్లో తీస్కుంట పోతరు, వాళ్ళు. ఊరు కానోళ్ళు, రేపు ఉండరు, తిడితే తిరిగి అననోళ్ళు. మా బావైతే వాళ్ళను ఇగ మా కుంట దిక్కు రానియ్యొద్దని సర్పంచ్‌కు చెప్తా అని కూసున్నడు. నేనూ నమ్మిన, ఒక నెలంతా నమ్మిన.

తర్వాత ఒక రాత్రి ఊకే ఒక కాయితం తీసి తారీఖులు రాస్కున్న. ఆఫీస్ల ఏదన్న సర్వర్ పడిపోతే చేస్తం కదా, ఎప్పుడు ఏమైందో వరసగ రాసుకునుడు, అట్ల. వలస మంద మా కుంట దగ్గర నీళ్ళు తాగి పోయింది రోగానికి రెండు నెల్ల ముందు. అంగడి శనివారం. కొత్త 14 అదే రాత్రి పాతవాటితో కలిసినయ్, ఒకటే తొట్టి, ఒకటే దాణా. ఆరో రోజు కొత్తదాంట్ల ఒకటి మేత ముట్టలే. ఎనిమిదో రోజు కొత్తవే ఇంకో రెండు ముక్కు కారుడు. పదమూడో రోజు నుంచి పాతవి మొదలైనయ్. పీపీఆర్ సోకినంక నాలుగు నుంచి ఆరు రోజుల్ల బయటపడుడు మామూలు, ఒక్కోసారి పదిదాక పడుతది. జ్వరం మొదలైతేనే ముక్కు నీళ్ళల్ల, కండ్ల నీళ్ళల్ల, పెంటికల్ల వైరస్ పోతుంటది, నోట్లె పుండ్లు మనకు కనపడేది ఆ తర్వాత. అంటే ఆ తారీఖుల్ని ఎటు తిప్పి చూసినా ఒకటే దారి కనపడ్డది, అంగడి నుంచి బొలెరో, బొలెరో నుంచి మా తొట్టి. రెండు నెల్ల కింద కుంటల మూతి పెట్టిన గొర్రె వల్ల అయ్యేటట్టే లేదు, ఈ వైరస్‌కు ఎండల, ఎండిన నేల మీద ఎక్కువ రోజులు బతికే తాకత్ లేదు.

నేను చెప్పేది ఇదే: గొర్రెల ఫారాలకు రోగం పాకేటందుకు ఉన్న అన్ని కారణాల్లో పెద్దది మన కొనుడు. నడిచొచ్చే మంద కన్నా, గాలి కన్నా, డబ్బులు పెట్టి మనం బండెక్కించుకొని తెచ్చుకునే జీవమే ఎక్కువ ప్రమాదం. దాన్ని మనం ప్రమాదం అని లెక్కపెట్టం, ఎందుకంటే అది పెట్టుబడి కదా.

అంగడి ఎట్ల నడుస్తదో ఒక్కసారి ఆ కంటితో చూడుర్రి. పెబ్బేరు సంతకో ఇంకో పెద్ద అంగడికో పొయ్యి పొద్దున ఐదింటికి నిలబడితే ఎన్ని ఊర్ల జీవాలు ఒక్క జాగల నిలబడతయో. మారుబేరగాళ్ళు ఉంటరు, వాళ్ళు నాలుగు ఊర్లల్ల ఐదూ ఐదూ కొని ఒక గుంపు చేసి ఒకే మంద లెక్క అమ్ముతరు. "ఒక్క ఇంటి జీవాలే సార్, అన్నీ అక్కచెల్లెళ్ళు" అన్నడు మాకు అమ్మినాయన, నేను నవ్విన, గానీ నమ్మిన. కొనేటోడు ఏం చేస్తడు? నడుం మీద చెయ్యేసి కండ చూస్తడు, తర్వాత మూతి తెరిచి పండ్లు చూస్తడు. పాలపండ్లా, రెండు పండ్లా, నాలుగు పండ్లా, దాన్ని బట్టే వయసు, వయసును బట్టే ధర. నేను ఆ రోజు తక్కువల తక్కువ ఒక యాభై మూతులు తెరిచి ఉంట. అదే చెయ్యి, అదే బొటనవేలు. ఒకదాని చొంగ ఇంకోదాని చిగుళ్ళకు నేనే రాసుకుంట పోయిన, నోట్లె, గిట్టల కాడ పొక్కులు లేపే గాలికుంటు అయినా పీపీఆర్ అయినా ఆ చొంగల గూడ ఉంటది. నాకు అప్పుడు ఆ ఆలోచనే రాలే, చేతులు కడుక్కున్నది చాయ్ తాగేటప్పుడు.

ఇంకోటి, అందరం మర్చిపోయేది: అమ్ముడుపోనివి. అంగడికి పది తెచ్చినోడు ఆరు అమ్ముకొని నాలుగు ఇంటికి తీస్కపోతడు. ఆ నాలుగు పొద్దటినుంచి మధ్యాహ్నందాక వంద మందల మధ్య నిలబడ్డయ్. వాళ్ళ ఇంట్ల ఎవ్వరూ వాటిని కొత్త జీవాలు అనుకోరు, మనయే కదా అని నేరుగ మందల కలుపుతరు. బక్రీద్ అప్పుడు మన సిటీలనే చూడుర్రి, మెహదీపట్నం దిక్కు రోడ్ల పొంటి టెంట్లు వేసి వారం పది రోజులు పొట్టేళ్ళను కట్టేస్తరు, పండగైపోయినంక మిగిలినయ్ ఏమైతయ్? కోతకు పొయ్యేది కోతకు పోతది, దానితో రోగం అక్కడితోనే ఆగుతది. జియాగూడ మండికి కోతకు వచ్చిన లారీ అంత ప్రమాదం కాదు. మండికొచ్చి మళ్ళ ఊరికి పొయ్యే గొర్రెతోనే ఖతర్నాక్.

కొంచెం లెక్క చెప్తా, బోర్ కొడితే ఈ పేరా దాటేయుర్రి. ఒక మందల రోగం ఉండే అవకాశం నూటికి ఐదు అనుకుందాం, ఇది నేను ఊకే అనుకుంటున్న నంబర్, సర్వే కాదు. ఒకే మంద నుంచి 14 కొంటే నాకొచ్చే రిస్క్ ఆ ఐదే. అదే 14ను ఏడు మందల నుంచి రెండు రెండు కొంటే? ఏడింటికి ఏడూ మంచిగ ఉండాలె అంటే 0.95ని ఏడుసార్లు గుణించాలె, 0.70 వస్తది. అంటే నూటికి 30. ఇరవై మందల నుంచి ఏరుకొని తెస్తే నూటికి 64. గొర్రెల సంఖ్య మారలే, ఖర్చు మారలే, ఎన్ని ఇండ్ల నుంచి తెచ్చినం అన్నదొక్కటే మారింది. అందుకే ఎప్పుడన్న ఎవరన్న మీకు గొర్రె ఎంత బాగుందో చూపిస్తుంటే, అది ఎన్ని చేతులు మారి వచ్చిందో అడగుర్రి. పైగా అంగడికి వచ్చే గొర్రె ఏది? మంచి గొర్రెను, ఏడాదికి ఈనే గొర్రెను ఎవడన్న ఊకే అమ్ముతడా? వదిలించుకోవాలె అనుకున్నదే ముందు బండెక్కుతది.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోకుర్రి. 2001లో బ్రిటన్ల గాలికుంటు వచ్చింది, దాని కథ నేను మా గొర్రెలు పోయినంక రాత్రుళ్ళు కూసొని చదివిన. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక పందుల ఫారంల మొదలైందది, సరిగ్గ ఉడకబెట్టని ఎంగిలి మెతుకులు పందులకు పెట్టిండ్రు, అక్కడి నుంచి గాలి వాటాన చుట్టుపక్కల గొర్రెలకు తగిలింది. గాలి చేసిన పని అంతవరకే, కొన్ని మైళ్ళు. ఫిబ్రవరి 13న ఆ గొర్రెలు హెక్సామ్ అనే ఊరి సంతకు పోయినయ్. అక్కడి నుంచి దళారులు కొని లాంగ్‌టౌన్ అనే ఇంకా పెద్ద సంతకు తోలిండ్రు. గొర్రెలల్ల గాలికుంటు పైకి పెద్దగ కనపడదు, జర కుంటుతది, జర డల్లుగ ఉంటది, ఎవ్వడూ పట్టించుకోడు. ఫిబ్రవరి 20న ఎక్కడో దేశం ఇంకో చివర్న ఒక కబేళాల పందుల్ల రోగం ఉందని తేలింది, 23న దేశమంతా జీవాల్ని కదిలియ్యొద్దని ఆపేసిండ్రు. గానీ 20న మొదటి కేసు దొరికేనాటికే కనీసం 57 ఫారాలకు రోగం చేరిపోయి ఉంది. ఎవ్వరికీ తెల్వదు. చివరికి 2,026 చోట్ల రోగం తేలింది, 60 లక్షలకు పైగా జీవాల్ని చంపిండ్రు, మే 3న పెడదామనుకున్న ఎలక్షన్లు జూన్ 7కు జరుపుకున్నరు. రోడ్లు, డాక్టర్లు, రికార్డులు అన్నీ ఉన్న దేశం అది. అక్కడ పాడుజేసింది పేదరికమా, అజ్ఞానమా? రెండు సంతలు, కొన్ని లారీలు, పది రోజులు. ఆ తర్వాత వాళ్ళు పెట్టుకున్న రూల్ నాకు మస్తు నచ్చింది. ఫారానికి కొత్త జీవం వస్తే ఆ ఫారం నుంచి ఆరు రోజులు ఒక్క గొర్రె కూడ బయటికి పోవద్దు, మొదట్ల 20 రోజులు పెట్టి తర్వాత ఆరుకు తగ్గించిండ్రు. కొనొద్దు అనలే, కొన్నంక ఆగు అన్నరు.

మన దగ్గర 2017లో ఇంతకన్న పెద్ద కదలిక జరిగింది. గొర్రెల పంపిణీ, మీకందరికీ తెలుసు, 20 గొర్రెలు ఒక పొట్టేలు, యూనిట్ 1.25 లక్షలు, 75 శాతం సబ్సిడీ. ఆంధ్రా, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు నుంచి లారీలకు లారీలు వచ్చినయ్. 2019 పశుగణనల తెలంగాణ గొర్రెలు 1 కోటి 90 లక్షలు దాటినయ్, దేశంలనే ఫస్ట్. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న పంచాయితీలకు నేను పోను, మా ఇంట్లనే దాని మీద రెండు పార్టీలున్నయ్. నేననేది ఒకటే: అన్ని లక్షల జీవాలు రాష్ట్రాలు దాటి ఎప్పుడూ చూడని నేలకు, నీళ్ళకు, వేరే మందలకు వస్తున్నప్పుడు మనం మాట్లాడుకున్నదంతా రేటు గురించి, సబ్సిడీ గురించి, మళ్ళ అమ్ముకున్నోళ్ళ గురించి. వచ్చినంక మూడు వారాలు వేరుగ పెట్టే జాగ ఎవరి దగ్గరుంది అన్న ముచ్చట ఏ టీవీ డిబేట్ల నేను వినలే. రాష్ట్రాలు దాటి వచ్చిన గొర్రెకు ప్రయాణం అంటేనే సగం రోగం, నీళ్ళు లేక, మేత లేక, లారీల తొక్కిసలాటల. లోపల దాక్కున్న రోగం ఏదన్న ఉంటే బయటికి వచ్చేది అప్పుడే.

సరే, అన్ని రోగాలూ కొనుడు వల్లనే వస్తయా అంటే కాదు, ఇక్కడ నేను కొంచెం తగ్గాలె. నీలి నాలుక రోగం ఉంది, మూతి వాచి, నాలుక నీలంగ అయ్యి, కాళ్ళ మంట పుట్టి నడవలేక పడిపోతయ్. మన దేశంల 1964లో మహారాష్ట్రల మొదట చూసిండ్రు, ఇప్పుడు దక్షిణాదిలనే ఎక్కువ. అది ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు తగిలి రాదు, క్యూలికాయిడిస్ అనే చిన్న దోమలాంటి ఈగ కుడితే వస్తది, ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటది, పేడ నీళ్ళు కలిసిన బురదల పుడతది, పొద్దూకినప్పటి నుంచి రాత్రంతా కుడతది. వానలు పడి వెనకపట్టే రోజుల్ల మా దగ్గర అదే భయం. దానికి కొత్త గొర్రెను వేరుగ కట్టేస్తే లాభం తక్కువ, దొడ్డి చుట్టూ బురద లేకుండ చేసుకునుడు, వానలకు ముందే టీకా, సాయంత్రం పొగ. చిటుక రోగం ఇంకో తీరు. తొలకరికి లేత గడ్డి మొలవంగనే ఆబగ మేసి రాత్రికి రాత్రి పటపట పడిపోతయ్, అదీ మందల అన్నింటికన్న బలిసినదే ముందు పోతది. అది ఎవరూ తెచ్చింది కాదు, ఆ సూక్ష్మజీవి ముందునుంచే పేగుల్ల ఉంటది, తిండి ఎక్కువైతే విషం తయారుచేస్తది. గొర్రె మశూచి, మా అమ్మమ్మ అమ్మవారు పోసింది అనేది, దాని సంగతి మళ్ళ వేరు, రాలిన పొక్కుల్ల, నీడ ఉన్న దొడ్లల్ల ఆ వైరస్ నెలల తరబడి బతికి ఉంటది, మంద అంతా అమ్మేసి ఖాళీ దొడ్ల కొత్త మంద దింపినా పట్టుకుంటది.

ఇదంతా ఎందుకు చెప్తున్న అంటే, రోగం పేరు తెల్వకుంటే జాగ్రత్త కూడ తప్పుడుదే అయితది. చిటుకకు మూడు చస్తే పీపీఆర్ అనుకొని పరేషానై మంద మొత్తం అగ్గువకు అమ్ముకున్నోళ్ళను నేను చూసిన, పీపీఆర్ వస్తే నట్టల మందు, అంటే కడుపుల పురుగుల మందు, తాపిచ్చి కూసున్నోళ్ళనూ చూసిన. మొదటి రెండు రోజులు నేను చేసింది కూడ అదే, పారుడు అంటే నట్టలే అనుకున్న.

ఇగ "టీకా వేపిస్తే అయిపోయె గదా, ఇంత రామాయణం ఎందుకు" అంటరు. నిజమే, ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎందుకంటే నా సొంత లెక్కే టీకాను గెలిపిస్తది. పాతవి 58ల 26కు టీకా వేపించినట్టు నా దగ్గర తారీఖుతో రాసి ఉంది, దాంట్ల పోయింది ఒక్కటే. మిగిలిన 32ల, సగం పిల్లలే, 19 పోయినయ్. కొత్తయ్ 14ల 11. పీపీఆర్ టీకా ఒక్కసారి సరిగ్గ పడితే మూడేండ్లు కాస్తది. అదీ ఎక్కడో అమెరికాల తయారైతలేదు, శాంతినగర్ల సర్కారు టీకాల సంస్థ ఉంది, గచ్చిబౌలిల ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉంది, మా షెడ్డుకు పొయ్యే దారి రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీకి ఎంత దూరమని. ఇన్ని టీకాలు తయారయ్యే ఊర్ల ఉండుకుంట నా గొర్రెలు టీకా లేక చచ్చినయ్, సిగ్గుగనే ఉంది చెప్పాలంటే. పశువులకు వచ్చే ముసర, పీపీఆర్‌కు దగ్గరి చుట్టం లాంటి వైరస్, 2011లో ప్రపంచంలనే లేకుండ పోయింది టీకాల వల్లనే, పీపీఆర్‌ను కూడ 2030 కల్లా లేకుండ చెయ్యాలని టార్గెట్ పెట్టుకున్నరు. కాబట్టి టీకాను తక్కువ చేస్తలేను. గానీ మన దగ్గర టీకా దొరికేది కొన్ని రోగాలకే. కుంటు రోగం, గజ్జి, ఈసుకపొయ్యే జబ్బులు, ఇవన్నీ కూడ కొన్న గొర్రెతోనే వస్తయ్. మూడు నెలలు నిండని పిల్లలకు పీపీఆర్ టీకా వెయ్యరు. అంగడిల "అన్ని టీకాలు అయినయ్ సార్" అని చెప్పేటోని నోటికి తాళం ఉండదు. టీకాను చల్లగ ఉంచాలె, కలిపినంక గంటా రెండు గంటల్ల వాడేయాలె, మే నెల ఎండల ఐస్ కరిగిన డబ్బాల తిరిగిన మందుకు నేను గ్యారంటీ ఇయ్య. అన్నిటికన్న ఘోరం, రోగం వచ్చినంక టీకా కోసం ఉరుకుతం. అప్పటికే లోపల సోకినదానికి సూది గుచ్చి, అదే సూది పక్కదానికి గుచ్చుకుంట పోతే మనమే రోగాన్ని మోసినట్టు.

నేను చెప్పేది చాలా సింపుల్, 21 రోజులు వేరుగ పెట్టు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ వాళ్ళు పీపీఆర్‌కైనా గొర్రె మశూచికైనా లోపల దాగి ఉండే కాలం ఎక్కువల ఎక్కువ 21 రోజులని లెక్కేసుకుంటరు. వేరే షెడ్డు, వేరే తొట్టి, వేరే బకీటు, ముందు పాతవాటి పని చేసుకొని చివర్ల కొత్తవాటి దగ్గరికి పోవుడు, చెప్పులు మార్చుడు. దీనికి పెద్ద ఖర్చు లేదు. మరెందుకు చెయ్యరు? బావను అడిగితే నిజం చెప్పిండు: "బామ్మర్దీ, బోనాలకు అమ్మాలె అని తెచ్చినం, ఇరవై రోజులు కట్టేసి కూసుంటే పండగ ఒడిసిపోదా?" అదీ సంగతి. పండగ ముందర కొనుడు, పండగకు అమ్ముడు, మధ్యల ఉన్నది 20 రోజులే. లాభం ఉన్నదంతా ఆ 20 రోజుల్లనే, రిస్క్ కూడ సరిగ్గ ఆ 20 రోజుల్లనే. పొట్టేలును పండగకు రెండు నెల్ల ముందు కొంటే మేపుడు ఖర్చు పెరుగుతది కదా అంటరు, పెరుగుతది, నేను లెక్కేసిన, 14కు రెండు నెల్ల మేత ఖర్చు మాకు పోయిన నాలుగు గొర్రెల ఖరీదు కూడ కాదు.

మన షెడ్డు ఫారాలోళ్ళ గురించి ఒక మాట, ఎందుకంటే నేనూ వాళ్ళల్ల ఒకన్ని. ఎత్తు మీద ప్లాస్టిక్ పలకల ఫ్లోర్, సోలార్ ఫెన్సింగ్, సీసీ కెమెరా, ఇవన్నీ ఉంటయ్. ఫారం చూస్తం అని ఆదివారం కార్లల్ల పది మంది వస్తరు, పొద్దున ఒక ఫారం, మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం మాది, అవే బూట్లు. వీడియో తీస్తరు, పిల్లలతోని గొర్రెపిల్లల్ని ఎత్తుకోబెట్టి ఫోటోలు తీస్తరు. నేను గేటు దగ్గర సున్నం కలిపిన నీళ్ళ తొట్టి పెట్టి కాళ్ళు ముంచి రమ్మంటే ఒకాయనకు కోపమొచ్చింది, మేమేమన్న రోగిష్టోళ్ళమా అని. చదువుకున్నోడే, పెద్ద కంపెనీల మేనేజర్.

కార్తీకంల ఆ వలస మంద మళ్ళ వచ్చింది. ఈసారి నేనే వెతుక్కుంట పోయిన, ముసలాయన ఒకాయన గొంగడి కప్పుకొని కట్టె మీద ఆనుకొని నిలబడ్డడు. ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండంగనే చెయ్యెత్తి ఆపిండు.

"ఏ ఊరు బిడ్డా? నీకు జీవాలున్నయా?"

"ఉన్నయ్ పెద్దయ్యా, ఆ షెడ్డు మాదే."

"అక్కడనే ఉండు. మీ దాంట్ల పారుడు వచ్చిందట గదా, మా మందల అడుగు వెట్టకు, మాట్లాడేది అక్కడినుంచే మాట్లాడు."

నేను అక్కడనే నిలబడి మాట్లాడిన. మేం వాళ్ళను రోగం తెచ్చేటోళ్ళు అనుకుంటున్నం, వాళ్ళు మా షెడ్డును చూసి అప్పటినుంచి చుట్టు తిరిగి పోయిండ్రు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న కూడ "కొత్తయ్ ఏమన్న తెచ్చిండ్రా?" అని. ఆయన మందల బయటి జీవం చేరక మూడేండ్లైందట, పొట్టేళ్ళు కూడ ఇంట్ల పుట్టినవేనట. అట్లని వాళ్ళేదో రుషులు అని నేను చెప్తలేను, ఆయనే చెప్పిండు, తొవ్వల రెండు మూడు ఇండ్ల మందలు కలిపి ఒకే పొలంల పడుకోబెడతరు, పొట్టేలును బదులిచ్చుకుంటరు, చచ్చిన జీవాన్ని పాతిపెట్టే ఓపిక లేక వాగుల పడేసి పోతరు, కుక్కలు పీక్క తింటయ్. అవన్నీ కూడ రిస్కే. తప్పు వాళ్ళ దగ్గరా ఉంది. గానీ వాళ్ళ మంద సంవత్సరంల కొత్త జీవం ముఖం చూసేది ఒకసారో అదీ లేదో, మాది సంవత్సరంల ఐదుసార్లు చూసింది.

ఇప్పటిదాక చెప్పనిది ఒకటుంది. రోగం వచ్చిన పన్నెండో రోజు, ఇంకా కొన్ని మంచిగనే కనపడుతున్నయ్, బావ అన్నడు ఇవన్న దక్కించుకుందాం అని. మారుబేరగాడు ఒకడొచ్చిండు, వాడికీ తెలుసు, మాకూ తెలుసు, ఎవ్వరం ఏం మాట్లాడలే. ఆరు గొర్రెలు, తలకు 4,000. రాత్రిపూట ఎక్కించినం. అవి ఎక్కడికి పోయినయో నాకు తెల్వదు, కోతకే పోయి ఉంటయ్ అని నేను చెప్పుకుంట, గానీ కోతకైతే వాడు పండ్లు ఎందుకు చూస్తడు? సూడిదేనా అని ఎందుకు అడుగుతడు? హెక్సామ్ సంతకు ఆ గొర్రెల్ని తోలినోనికి రోగముందని తెల్వకుండె. మాకు తెలుసు.

2009లో వచ్చిన పశువుల అంటురోగాల చట్టం ప్రకారం పీపీఆర్ వచ్చిందని అనుమానం ఉంటేనే మనమే చెప్పాలె, జీవాల్ని కదిలియ్యొద్దు. చట్టం మంచిదే. గానీ చెప్పినోనికి ఏమొస్తది? బ్రిటన్ల చంపిన గొర్రెలకు పైసలు కట్టిచ్చిండ్రు. ఇక్కడ నేను ఫోన్ చేస్తే నా ఆరు గొర్రెల 24,000 పోతయ్, చెయ్యకుంటే ఇంకెవడివో అరవై పోతయ్, ఆ ఇంకెవడో నాకు కనపడడు. ఇన్సూరెన్స్ చేసుకొని ఉంటే ఆ రాత్రి ఆ బండి ఎక్కించేటోళ్ళం కాదు అని నాకు గట్టి నమ్మకం, మేం చేసుకోలే. మందకు రోగం వచ్చిందని చెప్పిన రైతుకు ఆ వారంల సగం ధరన్న చేతిల పెట్టే పద్ధతి రానంతకాలం ఎన్ని పోస్టర్లు అంటించినా, పశువుల డాక్టర్ కోసం 1962 నంబర్‌కు ఫోన్ చేయుర్రి అని ఎంత చెప్పినా, మంచిగ కనపడే నాలుగింటిని రాత్రిపూట ఎక్కించుడు ఆగదు.

షెడ్డు వెనక రేకులతోని చిన్న కొట్టం కట్టినం, కొత్తవాటి కోసం, పది పన్నెండు పడతయ్. 38,000 అయ్యింది. మొన్న శనివారం పోయి చూస్తే దాంట్ల తవుడు బస్తాలు, పాత మోటారు, బావ బండి. ఖాళీగ ఉంది కదా అని పెట్టినా అన్నడు, వచ్చే నెల బక్రీద్ బేరాలు మొదలైతయ్ అప్పుడు తీస్తా అన్నడు. నేను ఈ ఆదివారం పోయి ఆ బస్తాలు మోస్త.